సుప్రభాతం ఉంది సరే, రాత్రి నర్సు ఉందా?

అయిదుకు మూడున్నర స్టార్లు. పగటిపూట వరకే చూస్తే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. రాత్రి పది దాటాక సంగతి చూసి ఒకటి తగ్గించాను. పేరు మాత్రం రాయను. మేమిద్దరం ఇంకా అక్కడే ఉంటున్నాం, పొద్దున లేస్తే మేనేజరుగారి మొహమే చూడాలి. తిరుపతికి పడమట, శ్రీనివాస మంగాపురం చుట్టుపక్కల ఒక ధార్మిక ట్రస్టు నడిపే సీనియర్ సిటిజన్ల నివాసం అనుకోండి, చాలు. వరండాలో కుర్చీ వేసుకుంటే శేషాచలం కొండలు ఎదురుగా ఉంటాయి. శ్రీవారి మెట్టుకు వెళ్లే జనం గోవిందనామాలు చెప్పుకుంటూ రోడ్డు మీద పోతుంటారు.

నేను స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యాను. సొంతూరు తణుకు పక్కన. పిల్లలిద్దరూ దేశంలో లేరు. ఇక్కడికి రావాలన్నది మా ఆవిడ పట్టుదల. నాకూ భక్తి లేకపోలేదు, పండగలకు సరిపడా ఉంది. పాత కొలీగ్స్, చుట్టాలు ఫోన్ చేసి "మాస్టారూ, ఎలా ఉందక్కడ? మేమూ చేరొచ్చా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

మూడు బ్లాకులు, మధ్యలో గుడి. చిన్నదే అయినా ధ్వజస్తంభంతో సహా పద్ధతిగా కట్టిన గుడి. జంటలకు ఒక గది, చిన్న హాలు, ఒక వంట గట్టు. అక్కడ కాఫీ పెట్టుకోవచ్చు, అంతకుమించి పొయ్యి వెలిగించకూడదు. గాలీ వెలుతురూ బాగా వస్తాయి. వేసవిలో తిరుపతి ఎండ సంగతి తెలిసిందే, కూలర్ మనమే తెచ్చుకోవాలి. బాత్రూంలో పట్టుకునే కడ్డీ ఉంది కానీ కమోడుకు ఎడమవైపు ఉంది. మా ఆవిడకు పట్టేసింది ఎడమ భుజమే. కుడివైపు ఇంకొకటి బిగించమని అడిగితే వారంలో బిగించారు, డబ్బు తీసుకోలేదు. అడిగితే చేస్తారు. ముందే ఎవరికీ తోచదు, అదీ సమస్య.

గడపల గొడవ వేరు. ప్రతి గదికీ చెక్క గడప పెట్టారు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, శుక్రవారం ముగ్గు వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. వాకర్ పట్టుకుని నడిచేవాళ్ల పాట్లు చూస్తే ఆ ముచ్చట పోతుంది. వాకర్ ముందు కాళ్లు గడప దాటించాలంటే దాన్ని ఎత్తాలి. దాన్ని ఎత్తగలిగే మనిషికి అసలు వాకరెందుకు? పక్క గది ఆయన అక్కడే రెండుసార్లు తూలారు. "గడప లేని ఇల్లు ఇల్లేనా మాస్టారూ" అంటారు మేనేజరుగారు. కేంద్ర ప్రభుత్వం 2019లో రిటైర్‌మెంట్ హోమ్స్‌కని నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. వీల్‌చైర్ తిరిగేలా ర్యాంపులు, జారని నేల, కడ్డీలు అన్నీ అందులో ఉన్నాయి. కాగితం తీసి ఆఫీసులో చూపించాను. ఇప్పుడు గడపకు రెండువైపులా ఏటవాలుగా చెక్కలు వేశారు. గడప మర్యాద నిలిచింది, మనుషులూ నిలబడుతున్నారు.

అసలు బాగున్నదేమిటో చెప్పాలి. ఇక్కడ మనం డబ్బిచ్చి కొనుక్కుంటున్నది గదినీ కాదు, తిండినీ కాదు. దినచర్యను. తెల్లవారుజామున నాలుగున్నరకు సుప్రభాతం. మైకు చెవులు పగిలేలా పెట్టరు, అది మెచ్చుకోవాలి. ఆరింటికి తీర్థం, తర్వాత టిఫిను. పదింటికి మాలలు కట్టడం, మధ్యాహ్నం పెద్ద టీవీలో తిరుమల కల్యాణోత్సవం, సాయంత్రం విష్ణుసహస్రనామం, ఏడున్నరకు ఫలహారం. సర్వీసంతా టైం టేబుల్ పట్టుకుని బతికినవాణ్ణి, అది లేకపోతే మనిషి ఏమవుతాడో రిటైరైన మొదటి ఏడాదిలోనే తెలిసింది. హైదరాబాద్ ఫ్లాట్‌లో మధ్యాహ్నం దాకా లుంగీ మీద టీవీ ముందు కూర్చునే పెద్దమనిషి ఒకాయన ఇక్కడికొచ్చాక అయిదింటికల్లా స్నానం చేసి నామం పెట్టుకుని క్యూలో ఉంటున్నాడు. మొహంలో కళ వచ్చింది. కోడలు నమ్మలేదట, వీడియో కాల్‌లో చూపించమందట.

పని అందరికీ ఉంటుంది. ఒకరు తులసి కోస్తారు, ఒకరు వత్తులు చేస్తారు, చూపు సరిగ్గా లేనివాళ్లు చందనం తీస్తారు. నాకు ప్రసాదం లెక్కల పుస్తకం అప్పగించారు. భక్తి తక్కువైనా అంకెలు తప్పవని అర్చకస్వామి నమ్మకం.

ఈ అర్చకస్వామి గురించి ఒక మాట. గదిలో మంచం తలవైపు ఎమర్జెన్సీ బెల్లు ఉంటుంది, దానికంటే నమ్మకమైనది ఈయన చేతిలోని ఉద్ధరిణె. తీర్థం ఇస్తూనే ఎవరు వచ్చారు, ఎవరు రాలేదని చూసుకుంటారు. ఒకరోజు సీ బ్లాకులో ఒంటరిగా ఉండే రిటైర్డ్ తహశీల్దారుగారు కనపడలేదు. "ఏమయ్యా, వారు ఊరెళ్లారా?" అని పరిచారకుణ్ణి పంపారు. ఆయన బాత్రూంలో జారిపడి ఉన్నారు, లోపల గొళ్లెం. తలుపు పగలగొట్టి తీశారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, మనిషి దక్కాడు. అంత పొద్దున్నే మనిషి లేడని కనిపెట్టే ఏర్పాటు ఏ సీసీ కెమెరాలో ఉంది?

కానీ ఆ తహశీల్దారుగారే ఇప్పుడు తీర్థానికి రాలేరు. మంచం మీదున్నారు. ఆయన రాకపోవడం మామూలైపోయింది కాబట్టి ఎవరూ అడగరు. నేను చెప్పదలచుకున్నది ఇదే. గుడి దాకా నడిచి వెళ్లగలిగినన్నాళ్లు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నడవలేని రోజున ఈ దినచర్య అంతా మన కిటికీ అవతల జరుగుతుంది, గంట వినబడుతుంది, అంతే. బ్రోచర్ నిండా గుడి ఫొటోలే. మంచాన పడ్డవాళ్లుండే వరుస ఫొటో ఒక్కటీ లేదు. చేరేముందు అదే చూడాలి.

భోజనం సంగతి. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. వంటాయన తమిళనాడు సరిహద్దు మనిషి, కూటు, రసం అద్భుతంగా చేస్తాడు. గోదావరి జిల్లా నాలుక కాబట్టి ఆవపెట్టిన పనసపొట్టు కూర కోసం కొన్నాళ్లు కొట్టుకుపోయాను. ఎలా చేయాలో మా ఆవిడ చెప్పింది, ఇప్పుడు పనసకాయ దొరికినప్పుడల్లా చేస్తున్నాడు. ఉప్పు తక్కువ, నూనె తక్కువ. పళ్లు లేనివాళ్లకు అన్నం మెత్తగా, కూర మెదిపి వేరే పెడతారు. దీనికి వంక లేదు.

వంక అంతా క్యాలెండర్‌తోనే. ఏకాదశి రోజు అన్నం వండరు. గోధుమరవ్వ ఉప్మా, పళ్లు, పాలు పెడతారు. కొందరు అదీ తినకుండా ఉపవాసం ఉంటారు, ఇన్సులిన్ మాత్రం రోజూలాగే పొడిపించుకుంటారు. పొద్దున ఇన్సులిన్ వేసుకుని పొట్ట ఖాళీగా ఉంచితే షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. మా ఆవిడకే అలా అయింది. ఇక ధనుర్మాసంలో కథ అడ్డం తిరుగుతుంది. నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై, ఆపైన రోజూ వేడివేడి చక్కెర పొంగలి. నెయ్యి కారుతుంటుంది, జీడిపప్పు కనబడుతుంటుంది. ప్రసాదం వద్దనకూడదు కదా! ఆ నెల నర్సమ్మ పుస్తకంలో అంకెలు చూస్తే టెన్షనే. ఇప్పుడామె ఒక ఉపాయం చేసింది. అర్చకస్వామితో మాట్లాడి షుగర్ ఉన్నవాళ్లకు చిటికెడంత పొంగలి తులసిదళం మీద పెట్టించి, మిగతాది దద్ధ్యోజనం ఇప్పిస్తోంది. ఏకాదశికి ముందురోజు సాయంత్రం బోర్డు మీద పేర్లు రాయిస్తోంది: ఎవరు ఉపవాసం, ఎవరి ఇన్సులిన్ ఎంత తగ్గించాలో డాక్టరును అడిగి. డాక్టరు చెప్తే వినని మనుషులు స్వామి చెప్తే విన్నారు. ఇది మేనేజ్‌మెంట్ పెట్టిన పద్ధతి కాదు, ఆ అమ్మాయి సొంత తెలివి. జీతం పెంచండి మహాప్రభో అని ప్రతి మీటింగ్‌లో అంటున్నాను.

ఆ నర్సమ్మ పగలే ఉంటుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మూడు బ్లాకులకూ కలిపి ఒక్క ఏఎన్ఎం, అంటే సహాయక నర్సు. బెల్లు నొక్కితే మోగేది గేటు దగ్గర, సెక్యూరిటీ వాళ్ల గదిలో. మా ఆవిడకు షుగర్ పడిపోయిన రాత్రి బెల్లు నొక్కితే ముందు వచ్చింది వాచ్‌మన్ కుర్రాడు. మంచివాడే, కానీ వాడు చేయగలిగింది ఏముంది, "సార్, ఫోన్ చేస్తా ఉండా" అంటూ నిలబడ్డాడు. నేనే చక్కెర నీళ్లు తాగించాను. ఏఎన్ఎం ఆ చివరి బ్లాకులో ఇంకెవరికో క్యాథెటర్ సరిచేస్తూ ఉంది, తెమిలి రావడానికి పావుగంట పైనే పట్టింది. ఆమె తప్పేం లేదు. వ్యాన్‌లో స్ట్రెచర్ ఉంది, ఆక్సిజన్ సిలిండరూ ఉంది, డ్రైవర్ మాత్రం రాత్రి ఇంటికి వెళ్లిపోతాడు. 108కి ఫోన్ చేయడమే నయం. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి అరగంట దూరంలో ఉంది కాబట్టి ధైర్యం. ఆఫీసులో అడిగితే "స్వామి దయవల్ల ఇంతవరకు ఏమీ కాలేదు కదండీ" అన్నారు. స్వామి దయకు నైట్ డ్యూటీ వేయడం ఏ ఆగమంలో ఉందో నాకు తెలీదు. ఒక స్టార్ పోయింది ఇక్కడే.

మా బ్లాకు ఆయా గురించి రాయకపోతే పాపం. ఈ చుట్టుపక్కల ఊరి మనిషి, ఆదివారం చర్చికి వెళ్లొస్తుంది. "పెద్దమ్మా, మెల్లిగా లేయమ్మా, నా భుజం పట్టుకో" అంటూ లేపుతుంది. స్నానం చేయించి, జడ వేసి, బొట్టు కూడా తనే పెడుతుంది, అదీ అద్దంలో చూపించి, నడిమికి వచ్చిందా అని అడిగి మరీ. మడి వంటశాల గడప మాత్రం ఆమె దాటకూడదు. అన్నం గిన్నెలు బయట బల్ల మీద పెడతారు, అక్కణ్ణించి తెచ్చి మంచాన ఉన్నవాళ్లకు ముద్ద కలిపి తినిపిస్తుంది. ముద్ద కలపడానికి లేని మడి గిన్నె అందుకోవడానికి ఎందుకొచ్చిందో అడిగాను. జవాబు రాలేదు. చేరే దరఖాస్తులో గోత్రం అడుగుతారు, అర్చన కోసమని చెబుతారు. ఇలాంటివి మీకు పట్టింపు అయితే ముందే తెలుసుకుని రండి. నాకు పట్టింపే. అయినా ఉంటున్నాను, ఎందుకంటే ఆ ఆయా ఇక్కడే ఉంది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇద్దరికీ కలిపి నెలకు 34,000. గది, భోజనం, బట్టలు ఉతకడం, పగటి నర్సు అందులోనే. డిపాజిట్ 10 లక్షలు, వడ్డీ రాదు, ఏటా కొంత శాతం నిర్వహణ కింద కోసుకుంటారు. గది మన పేరున రాదు, ఉన్నన్నాళ్లు ఉండే హక్కే. ఆదాయపు పన్ను చట్టం కింద రిజిస్టరైన ధార్మిక ట్రస్టు నడిపే వృద్ధాశ్రమంలో 60 దాటిన మనిషికి నెలకు 25,000 లోపు అయితే, వసతి భోజనాలు అన్నీ కలిపిన ఆ ఫీజు మీద జీఎస్టీ లేదు. ఎవరైనా బిల్లులో ఆ పన్ను వేస్తే అడగండి. మనిషిని ప్రత్యేకంగా పెట్టుకోవాలంటే ఆయా జీతం వేరే, అది గది అద్దెలో సగానికి పైనే. ఒప్పందంలో మూడు సంగతులు చదవాల్సిందే: జంటలో ఒకరు పోతే రెండోవారు అదే గదిలో ఉండొచ్చా, డిపాజిట్ ఎన్నాళ్లకు తిరిగొస్తుంది, మతి మరుపు జబ్బు వస్తే ఉంచుకుంటారా, పంపేస్తారా. మా ఒప్పందంలో మూడోది "యాజమాన్యం నిర్ణయం" అని ఒక్క ముక్కలో తేల్చారు. అల్జీమర్స్ వచ్చిన ఒకావిడను నెల గడువిచ్చి కొడుకు దగ్గరికి పంపారు. ఆవిడ రోజూ గోపురం కోసం వెతుక్కుంటోందని కొడుకు ఫోన్‌లో చెప్పాడు.

ఇంకొకటి ఉంది, దీన్ని బ్రోచర్లో ఎవరూ రాయరు. ఆవరణలో గుడి ఉంటే అక్కడ ఎవరైనా పోయినప్పుడు శవం లేచేదాకా గుడిలో పూజ, నైవేద్యం ఆగిపోతాయి. పల్లెటూళ్లలో అందరికీ తెలిసిన పద్ధతే. ఇరవై ఇళ్ల ఊళ్లో అది ఏడాదికోసారి జరిగే మాట. సగటు వయసు డెబ్భై అయిదు దాటిన నూటయాభై మంది ఉన్న చోట? అందుకని ఇక్కడ ఎవరికైనా చివరి ఘడియలని తెలియగానే వ్యాన్ ఎక్కించేస్తున్నారు. వైద్యం కోసమని చెబుతారు. వైద్యం వల్ల ఒరిగేదేమీ లేదని డాక్టరే చెప్పిన మనిషిని కూడా. ఏళ్ల తరబడి పొద్దునా సాయంత్రం సహస్రనామం చదివినావిడ ముక్కులో గొట్టంతో, ఎవరో తెలియని వార్డులో పోయింది. చివర్లో చెవిలో నారాయణ అనే మనిషి ఉంటాడనే కదా ఇంత డబ్బు కట్టి ఇక్కడికి వచ్చింది!

సికింద్రాబాద్‌లో పనిచేసేటప్పుడు లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే క్రైస్తవ సన్యాసినులు నడిపే వృద్ధాశ్రమానికి, మా స్టేషన్ పాత పోర్టరు ఒకడు ఉంటే చూడ్డానికి వెళ్లేవాణ్ణి. 1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ అనే ఆవిడ చూపులేని, పక్షవాతం వచ్చిన ఒక ముసలమ్మను ఇంటికి తెచ్చి తన మంచమే ఇచ్చింది. ఆ సంస్థ అలా మొదలైంది. ఆవిణ్ణి 2009లో సెయింటుగా ప్రకటించారు. వాళ్లు చేర్చుకునేది బీదవాళ్లను, మతం చూడరు. దుకాణాల దగ్గర, ఇళ్ల దగ్గర అడిగి తెచ్చి నడుపుతారు. పోయేముందు మనిషిని ఒంటరిగా వదలకపోవడం వాళ్ల నియమం, రాత్రింబవళ్లు వంతులేసుకుని మంచం పక్కన కూర్చుంటారు. మా పోర్టరు పెద్ద ఆంజనేయస్వామి భక్తుడు. ఆయన తలగడ కింద హనుమాన్ చాలీసా ఉండేది, దాన్ని ఒక సిస్టర్ దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెట్టడం చూశాను. మన ట్రస్టులు గోపురానికి పెట్టే ఖర్చులో పదోవంతు ఈ పని మీద పెడితే చాలు.

ఇదే మాట ట్రస్టు సమావేశంలో అన్నాను. కొందరికి కోపం వచ్చింది, "మాస్టారు నాస్తికులా?" అన్నారు. అర్చకస్వామి మాత్రం నా వైపు మాట్లాడారు. వెనక గేటు దగ్గర, గుడి ప్రాకారానికి బయట, పాత స్టోర్ రూములు రెండు ఉన్నాయి. దారి వేరు, గోడ వేరు, అక్కడైతే పూజకు అడ్డం రాదని ఆయన తేల్చి చెప్పారు. అక్కడ పోవాలనుకున్నవాళ్లు అక్కడే ఉండొచ్చు, తాను స్వయంగా వచ్చి చెవిలో నామం చెబుతానన్నారు. ఇంట్లోవాళ్లు పక్కనే పడుకోవచ్చు. చివరికి ట్రస్టు ఒప్పుకుంది.

చూడ్డానికి వచ్చేవాళ్లకు గెస్ట్ రూములు ఉన్నాయి, రెండు రోజులు ఉండి చూడనిస్తారు. బ్రహ్మోత్సవాలప్పుడు వచ్చి మురిసిపోయి చెక్కు రాయకండి. ఏకాదశి నాడు రండి. రాత్రి పదకొండింటికి వరండాలో నిలబడి, ఎవరి గదిలో బెల్లు మోగితే ఎవరు ఎంతసేపటికి వస్తున్నారో చూడండి. మంచాన ఉన్నవాళ్ల వరుసకు వెళ్లి దుప్పట్ల వాసన చూడండి. మా దగ్గర దుప్పట్లు శుభ్రంగానే ఉంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

వెనక గేటు గదులకు సున్నం కొట్టడం అయిపోయింది, ఫ్యాన్లు బిగించారు. హాస్పిటల్ మంచాలకు ఆర్డరిచ్చామంటున్నారు. అవి వచ్చి, రాత్రికి రెండో నర్సును కూడా పెడితే ఇక్కడికే వచ్చి మూడున్నరను నాలుగున్నర చేస్తాను. మిగిలిన అర స్టార్ వంటశాల గడప దగ్గర ఆగింది.